రోజుకు మూడు ఇళ్లు: పాయింట్ కుక్ లెక్కలు

2006 జనగణనలో పాయింట్ కుక్ జనాభా 14,162. 2011లో 32,413. 2016లో 49,929. 2021లో 66,781. మెల్‌బోర్న్ నగరానికి నైరుతి దిక్కున, సముద్రపు ఒడ్డున ఉన్న శివారు ఇది. విక్టోరియా రాష్ట్రంలో ఉన్నవాళ్లలో నూటికి ఒకరు ఇక్కడే కాపురం ఉంటున్నారు.

ఈ అంకెల్ని శాతాల్లోకి మారిస్తే ఊరి జోరు తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. మొదటి అయిదేళ్లలో పెరుగుదల 129 శాతం, తర్వాతి అయిదేళ్లలో 54, ఆ తర్వాత 34. శాతాలు పక్కనపెట్టి తలలు లెక్కపెడితే సంగతి వేరు: 18,251, 17,516, 16,852. పదిహేనేళ్లపాటు, అయిదేళ్లకోసారి పదిహేడు వేలమంది, కాస్త అటూ ఇటూగా, వచ్చి చేరుతూనే ఉన్నారు. ఏడాదికి మూడున్నర వేలు. ఇంటికి ముగ్గురు చిల్లర చొప్పున వేసుకుంటే రోజుకు మూడు ఇళ్లు. ఆదివారాలు, క్రిస్మస్ సెలవులు కలుపుకునే ఈ లెక్క. అమ్మకపు కరపత్రంలో శాతం కనిపిస్తే, అది దేనిమీద శాతమో ముందు అడగాలి.

చివరి అంకె గురించి ఒక మాట. ఆ జనగణన జరిగింది 2021 ఆగస్టు 10న. మెల్‌బోర్న్ అప్పుడు ఆరో లాక్‌డౌన్‌లో ఉంది. దేశం సరిహద్దులు మూసి ఏడాదిన్నర కావస్తోంది. కొత్తగా వీసా మీద దిగేవాళ్లు లేరు, మనవల్ని చూడటానికి వచ్చే తాతలు, అమ్మమ్మలు లేరు. అయినా పదహారు వేల పైచిలుకు పెరిగిందంటే, అందులో ఎక్కువభాగం 2020కి ముందే వచ్చినవాళ్లు, ఇక్కడే పుట్టినవాళ్లు, పక్క శివార్ల అద్దె ఇళ్లు ఖాళీ చేసి వచ్చినవాళ్లు అనుకోవాలి.

ఇళ్లు రాకముందు ఇక్కడ ఉన్నవి గొర్రెల మేత భూములు, ఉప్పు మడులు, విమానాల మైదానం. ఆస్ట్రేలియా సైనిక విమానయానం పుట్టింది ఇక్కడే; 1914 మార్చిలో మొదటి విమానం లేచిన ఆ మైదానం ఇప్పటికీ ఉంది. ఉప్పు మడుల్లో కొంత భాగం శాంక్చువరీ లేక్స్ అనే కాలనీ అయింది. మధ్యలో తవ్విన చెరువు, పక్కన గ్రెగ్ నార్మన్ గీసిన గోల్ఫ్ మైదానం, చెరువు అంచున బంగళాలు. మిగిలిన కాలనీల పేర్లు బోర్డ్‌వాక్, ఫెదర్‌బ్రూక్, అలమండా, సాల్ట్‌వాటర్ కోస్ట్. ఊరంతా ఒకటే పిన్‌కోడ్ అయినా, కొనేవాళ్లు కాలనీ పేరుతోనే మాట్లాడతారు.

ఎవరు వచ్చారు? దేశం మొత్తం మీద మనుషుల మీడియన్ వయసు 38, అంటే సగంమంది 38 లోపు, సగంమంది ఆపైన. పాయింట్ కుక్‌లో అది ముప్పైల మొదట్లోనే ఆగుతుంది. దేశంలో సగటున ఇంటికి రెండున్నర మంది. ఇక్కడ ముగ్గురికి పైనే. వయసుల వారీగా బొమ్మ గీస్తే పాఠ్యపుస్తకంలోని పిరమిడ్ రాదు, ఢమరుకం వస్తుంది. కింద పదిహేనేళ్ల లోపు పిల్లలతో వెడల్పు, ఇరవైల్లో నడుము, ముప్పై నుంచి నలభై అయిదు దాకా మళ్లీ వెడల్పు. అరవై అయిదు దాటినవాళ్లు పైన సన్నని గీతలాగా మిగులుతారు. ఒకే ఈడు దంపతులు, ఒకే ఈడు పిల్లలు, ఒకే రకం అప్పు. ఈ ఊరి ఇళ్ల మార్కెట్‌లో కనిపించే ప్రతి వింతకూ వేరు ఇక్కడే ఉంది.

విదేశాల్లో పుట్టి ఇక్కడ స్థిరపడినవాళ్లలో భారతీయులదే మొదటి స్థానం. వీధుల్లో మాండరిన్, హిందీ బాగా వినిపిస్తాయి. మనవాళ్ల సంగతికొస్తే, ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2016లో 34 వేలు, 2021లో 59 వేలు. మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా కనిపించేది ఈ పడమటి వైపునే: పాయింట్ కుక్, టార్నీట్, ట్రుగనీనా. ఇక్కడ 'పడమర' అంటే ఒకప్పుడు ఫ్యాక్టరీ కూలీల పేట అని చిన్నచూపు ఉండేది. పాత మెల్‌బోర్న్‌వాసుల మాటల్లో అది ఇంకా పూర్తిగా పోలేదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ పట్టింపు లేకపోవడం కూడా ఇక్కడ ఇళ్లు ఇంత త్వరగా నిండటానికి ఒక కారణమని నా అనుమానం.

కొనుగోలు కబురు గుంటూరు చేరగానే జరిగే సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది.

"ఎన్ని గజాలురా?"

"నాలుగొందల నలభై ఎనిమిది మీటర్లు నాన్నా. గజాల్లో అయిదొందల ముప్పై ఆరు."

"పర్లేదు. ఎన్ని అంతస్తులు?"

"ఒకటే."

"ఒకటేనా! పైన వేసుకోవచ్చా మరి?"

అంత సులువుగా వేసుకోలేరు. స్లాబు మీద మరో స్లాబు పోసే కట్టడం కాదది. నేలమీద కాంక్రీటు పలక, పైన కర్ర చట్రం, బయటివైపు ఒక వరస ఇటుక. దాన్నే బ్రిక్ వెనీర్ అంటారు. 448 చదరపు మీటర్లంటే 14 మీటర్ల వెడల్పు, 32 మీటర్ల లోతు. కాలనీలు కొత్తవయ్యేకొద్దీ స్థలం చిన్నదవుతోంది: 12.5 × 28, అంటే 350 చదరపు మీటర్లు, 419 గజాలు. ఇంటి కొలత మాత్రం మీటర్లలోనూ కాదు, అడుగుల్లోనూ కాదు, 'స్క్వేర్స్'లో చెబుతారు. ఒక స్క్వేర్ అంటే నూరు చదరపు అడుగులు. పాతిక స్క్వేర్ల ఇల్లంటే రెండున్నర వేల అడుగులు. నాలుగు పడకగదులు, రెండు స్నానాలగదులు, రెండు కార్ల గ్యారేజీ: పాయింట్ కుక్‌లో ఎటు చూసినా ఇదే అచ్చు. అపార్ట్‌మెంట్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని.

శనివారం ఏ వీధిలోకి వెళ్లినా ఇన్‌స్పెక్షన్లు జరుగుతుంటాయి. అరగంట గడువు. గుమ్మంలో ఏజెంటు పేరు, ఫోన్ నంబరు రాసుకుంటాడు. లోపలికి వెళ్లినవాళ్లు ఎక్కణ్ణించి వచ్చారో వాళ్లు ముందు ఏం చూస్తారన్నదాన్ని బట్టి చెప్పొచ్చు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు నేరుగా పెరట్లోకి వెళ్లి ఉత్తరం ఎటో చూస్తారు. దక్షిణార్ధగోళంలో చలికాలపు ఎండ ఉత్తరం నుంచే వస్తుంది. మనవాళ్లు ఫోన్‌లో దిక్సూచి తెరిచి వీధి గుమ్మం తూర్పా కాదా అని చూస్తారు. తర్వాత వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీది చిమ్నీ పొగను గొట్టంలోంచి బయటికి తోస్తోందా, లేక వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతోందా అని తలుపు తీసి చూస్తారు. పోపు పెట్టే ఇంట్లో అది ప్రాణాధారమైన ప్రశ్న. కింది అంతస్తులో స్నానాలగదితో కలిసిన పడకగది ఉంటే దాని ముందు ఇంకో రెండు నిమిషాలు ఆగుతారు: అమ్మానాన్న వస్తే మెట్లెక్కక్కర్లేదు. 2019లో వచ్చిన 870 నంబరు వీసా మీద తల్లిదండ్రులు ఒక్క విడతలో మూడేళ్లో అయిదేళ్లో ఉండగలుగుతున్నారు కాబట్టి, ఆ గది చుట్టాల గది అనిపించుకోవడం మానేసింది. 'ఈస్ట్ ఫేసింగ్' అని ఏజెంట్లు ప్రకటనల్లోనే వేయడం మొదలుపెట్టింది ఎవరికోసమో చెప్పనక్కర్లేదు.

ఇక ధర. 2023–24 ప్రాంతంలో పాయింట్ కుక్‌లో ఇంటి మీడియన్ ధర ఏడున్నర, ఎనిమిది లక్షల డాలర్ల మధ్య తిరిగింది. ఈ మీడియన్‌ను నమ్మేముందు అది ఎలా పుడుతుందో చూడాలి. మూడు నెలల్లో ఏడు ఇళ్లు అమ్ముడయ్యాయనుకుందాం. లక్షల్లో ధరలు 5.6, 6.4, 7.2, 7.8, 8.3, 9.5, 16. చివరిది చెరువు గట్టు బంగళా. వరసలో నడిమి ఇల్లు 7.8, అదే మీడియన్. సగటు కడితే 8.7 వస్తుంది, బంగళా పైకి లాగేసింది కాబట్టి. తర్వాతి మూడు నెలల్లో సరిగ్గా ఇవే ధరలు పలికి, బంగళా మాత్రం అమ్ముడుపోక, దాని బదులు రెండు టౌన్‌హౌస్‌లు 5.5కీ 5.9కీ పోయాయనుకోండి. మీడియన్ 6.8కి దిగుతుంది. ఏ ఇంటి ధరా పైసా తగ్గలేదు, కానీ 'పాయింట్ కుక్ లక్ష పడింది' అన్న వార్త తయారు. పెద్ద బంగళాలు, చిన్న టౌన్‌హౌస్‌లు ఒకే పేరు కింద కలిసిన ఊళ్లలో ఈ తమాషా ఎక్కువ. 2017 నుంచి విక్టోరియాలో ఏజెంటు ప్రతి ఇంటికీ ఒక సమాచార పత్రం ఇవ్వాలని చట్టం ఉంది. నగరంలో అయితే రెండు కిలోమీటర్ల లోపు, ఆరు నెలల లోపు అమ్ముడైన, ఆ ఇంటిని పోలిన మూడు ఇళ్ల ధరలు అందులో ఉండాలి. ఊరి మీడియన్ కంటే ఆ మూడు ధరలే మీ ఇంటికి దగ్గరి చుట్టాలు.

ఎనిమిది లక్షల ఇల్లు కొనాలంటే చేతిలో ఎంత ఉండాలి? బ్యాంకులు కోరుకునేది 20 శాతం, అంటే 1,60,000. అంతకంటే తక్కువైతే బ్యాంకు నష్టానికి మనం ప్రీమియం కట్టే బీమా ఒకటి మీద పడుతుంది. 2025 అక్టోబర్ నుంచి మొదటి ఇల్లు కొనేవాళ్లందరికీ ప్రభుత్వ హామీ ఉంటోంది. 5 శాతం డిపాజిట్‌తో, ఆదాయ పరిమితి లేకుండా, ఆ బీమా కూడా లేకుండా కొనొచ్చు. మెల్‌బోర్న్‌లో ఇంటి ధర తొమ్మిదిన్నర లక్షలు దాటకూడదు. ఎనిమిది లక్షలకు 5 శాతమంటే 40,000. బాగానే ఉంది. కానీ అదే ఇంటికి స్టాంప్ డ్యూటీ 43,070. డిపాజిట్ కంటే డ్యూటీ ఎక్కువ! ఆ సొమ్మును ఏ హామీ పథకమూ భరించదు.

మొదటి ఇల్లు కదా, డ్యూటీ మాఫీ ఉండదా అంటే, ఆరు లక్షల దాకా పూర్తి మాఫీ ఉంది. ఆరు నుంచి ఏడున్నర దాకా ఆ మాఫీ కొంచెంకొంచెంగా తగ్గుతుంది. 6,75,000 ఇంటికి సగం, 17,785 కట్టాలి. ఏడున్నర దాటితే పూర్తిగా కట్టాల్సిందే. పాయింట్ కుక్ మీడియన్ సరిగ్గా ఆ గీత దాటి కూర్చుంది. అందుకే పెళ్లయి రెండేళ్లయిన జంట ఇక్కడ ఇన్‌స్పెక్షన్లు చూసి, చివరికి టార్నీట్‌కో విండమ్ వేల్‌కో వెళ్లి స్థలం, ఇల్లు విడివిడి ఒప్పందాలతో కొంటుంది. అలా అయితే డ్యూటీ స్థలం ధర మీదే లెక్క, మొదటి ఇల్లు కాబట్టి అదీ మాఫీ. కొత్త ఇల్లు ఏడున్నర లక్షల లోపు కాబట్టి రాష్ట్రం నుంచి 10,000 డాలర్ల సాయం కూడా. పాయింట్ కుక్‌కు ఇప్పుడు వస్తున్నవాళ్లలో చాలామంది రెండో ఇల్లు కొనేవాళ్లు: అక్కడ కొన్నది అమ్మి, పిల్లలు బడికి వెళ్లే వేళకు ఇటు జరిగేవాళ్లు. పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, రానివాళ్ల దారి మరీ సన్నం. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా తాత్కాలిక వీసావాళ్లు అప్పటికే ఎవరో కాపురం ఉన్న ఇల్లు, అంటే పాత ఇల్లు, కొనడానికి వీల్లేదు. కొత్తది కొంటే రాష్ట్రం 8 శాతం అదనపు డ్యూటీ వసూలు చేస్తుంది.

ఈ ఊళ్లో సగానికి పైగా ఇళ్లు అప్పులో ఉన్నాయి. అప్పు పూర్తిగా తీరిన ఇళ్లు దేశంలో 31 శాతం ఉంటే, ఇక్కడ అందులో సగానికి కాస్త అటూ ఇటూ. అంటే రిజర్వ్ బ్యాంక్ నోటి మాట ఇక్కడ వంటింటి దాకా వినబడుతుంది. 2022 మే దాకా మూల వడ్డీ 0.10 శాతం. 2023 నవంబర్ నాటికి పదమూడుసార్లు పెంచి 4.35కి చేర్చారు. ఆరు లక్షల అప్పు, ముప్పై ఏళ్ల గడువు తీసుకుందాం. 2.2 శాతం వడ్డీ దగ్గర నెల కిస్తీ 2,278 డాలర్లు. 6.2 దగ్గర 3,675. దాదాపు 1,400 తేడా, అదే ఇంటికి, అదే జీతానికి. ఆ 3,675లో మొదటి నెల వడ్డీకే 3,100 పోతుంది. అసలుకు పడేది 575. ఇక్కడి తెలుగువాళ్లు చీటీల బదులు, ఇంటి అప్పుకు జోడించిన ఖాతాను, అంటే ఆఫ్‌సెట్ అకౌంట్‌ను, పట్టుకుని వేలాడటం ఇందుకే: అందులో యాభై వేలు ఊరికే పడి ఉన్నా, 6.2 లెక్కన ఏడాదికి 3,100 వడ్డీ మిగులుతుంది, దాని మీద పన్ను లేదు. 2021 అక్టోబర్ తర్వాత కొన్నవాళ్లను బ్యాంకులు అసలు రేటుకు మూడు శాతం కలిపి పరీక్షించాయి. అంటే 6.2కు అప్పు ఇచ్చేముందు, 9.2 అయితే నెలకు 4,914 కట్టగలరా అని చూస్తాయి. ఇంత వడ్డీ పెరిగినా వీధుల్లో బలవంతపు అమ్మకాల బోర్డులు వరసగా లేవకపోవడానికి ఈ పరీక్ష ఒక కారణం. భార్యాభర్తల రెండు జీతాలు ఇంకో కారణం.

అద్దెకుండేవాళ్ల లెక్క వేరు, అదీ వారాల్లో. వారానికి 550 అంటే నెలకు 2,200 అనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్లు. ఏడాదికి 52 వారాలు. నెలకు పడేది 2,383. యజమాని వైపు నుంచి చూస్తే ఏడాదికి 28,600, ఎనిమిది లక్షల ఇంటికి 3.6 శాతం రాబడి. 6,40,000 అప్పు 6.2 మీద ఉంటే వడ్డీయే 39,680. అద్దె కోసం కొన్నవాడు ఏడాదికి పదకొండు వేలు ఎదురు పెట్టుకుంటాడు. కౌన్సిల్ పన్ను, ఏజెంటు కమిషన్, మరమ్మతులు ఇంకా చేర్చలేదు. దానికి తోడు 2024 నుంచి విక్టోరియా ల్యాండ్ ట్యాక్స్ పరిమితిని మూడు లక్షల నుంచి యాభై వేలకు దించింది. సొంతంగా ఉండే ఇంటికి అది లేదు. అద్దెకిచ్చిన ఇంటి స్థలం విలువ నాలుగున్నర లక్షలైతే ఏటా 1,800. రెండో ఇల్లు పెట్టుబడిగా కొని, పిల్లల చదువుకని ఉంచుకున్న మనవాళ్లు కొందరు అమ్ముకోవడం వెనక ఈ పన్ను కాగితం ఉంది.

బడి సంగతి లేకుండా పాయింట్ కుక్ ధరలు అర్థం కావు. విక్టోరియాలో ప్రభుత్వ బడికి హద్దు ఉంటుంది. మెల్‌బోర్న్‌లో సాధారణంగా ఇంటి నుంచి తిన్నగా గీసిన గీతకు ఏ బడి దగ్గరైతే అదే మీ బడి. హద్దు లోపల శాశ్వతంగా ఉంటున్న పిల్లవాడికి సీటు ఇవ్వాల్సిందే, సొంతిల్లయినా అద్దె ఇల్లయినా. అలమండా కాలేజ్ లాంటి పేరున్న బళ్ల హద్దు ప్రకటనల్లో పడకగదుల సంఖ్య కంటే ముందు కనిపిస్తుంది. నా దృష్టిలో ఇక్కడ కొనేవాళ్లు స్థలం కొనట్లేదు. పిల్లవాడి అయిదో ఏడు నుంచి పద్దెనిమిదో ఏడు దాకా పదమూడేళ్లు కొంటున్నారు. అయితే హద్దు గీత రాయి మీద చెక్కింది కాదు. కొత్త బడి తెరిస్తే గీత జరుగుతుంది. హద్దు కోసం యాభై వేలు ఎక్కువ పెట్టేవాళ్లు విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ఈ ఏటి పటం చూసుకోవాలి, ఏజెంటు నోటి మాట కాదు. పక్కనే వెరిబీలో 2011లో తెరిచిన సుజాన్ కోరీ హైస్కూల్‌కు హద్దు లేదు, ప్రవేశ పరీక్షే. దానికి కోచింగ్ కేంద్రాలు ఎన్ని ఉన్నాయో, అక్కడ కార్లు దిగేది ఎవరో మనకు చెప్పనక్కర్లేదు.

ఇంత జనం వచ్చినా ధర జనాభాతో పాటు నాలుగున్నర రెట్లు ఎందుకు ఎగరలేదు? జవాబు కారు అద్దంలోంచి కనిపిస్తుంది: ఇంకో పది నిమిషాలు పడమరకు వెళితే ఇంకా పొలాలే. తూర్పున కొండలు, లోపల పాత పేటలు. చదునుగా, చవగ్గా ఎక్కువగా మిగిలింది ఈ అగ్నిపర్వతపు మైదానంలోనే. పాయింట్ కుక్ ఇల్లు మరీ ఖరీదైతే కొనేవాడు టార్నీట్‌లో కొత్తది కట్టుకుంటాడు. ఆ పోటీ ఉన్నంతకాలం ధరకు మూత ఉంటుంది. ఆ మైదానం చవక కావడానికి మరో కారణం కాళ్ల కిందే ఉంది. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకునే బంకమట్టి అది. పలక సరిగా వేయని ఇళ్లలో గోడలు మూలల దగ్గర పగులుతాయి, తలుపులు బిగుసుకుంటాయి. కొనేముందు తనిఖీకి పెట్టే కొన్ని వందల డాలర్లు ఇక్కడ దండగ కాదు. ప్రయాణం సరేసరి. ఊళ్లో రైలు స్టేషన్ లేదు. అంచున విలియమ్స్ ల్యాండింగ్ 2013లో వచ్చింది. ఇంటికి దాదాపు రెండు కార్లు, అందరికీ దారి వెస్ట్ గేట్ వంతెన వైపే.

ఇప్పుడు ఆ ఢమరుకాన్ని కాస్త ముందుకు జరపండి. 2006లో అయిదేళ్లున్న పిల్లవాడికి 2026లో పాతికేళ్లు. వాడి అమ్మానాన్నలు నాలుగు పడకగదుల ఇంట్లో ఇద్దరే మిగిలే రోజు దగ్గరపడింది. చిన్న ఇంటికి మారదామన్నా ఇదే వీధుల్లో చిన్న ఇల్లు అరుదు; దాదాపు అంతా ఒకే అచ్చు కదా. కాబట్టి వాళ్లు అమ్మరు. పిల్లవాడికి ఏడాదికి ఎనభై అయిదు వేలు జీతం వస్తే, అయిదు రెట్ల లెక్కన బ్యాంకు ఇచ్చేది నాలుగు లక్షల పాతిక వేలు. పాయింట్ కుక్‌లో చవకైన టౌన్‌హౌస్‌కు కూడా ఇంకో లక్ష పైన కావాలి. ఆ లక్ష అమ్మానాన్నల ఆఫ్‌సెట్ అకౌంట్‌లోంచి రావాలి, లేదంటే వాడు కూడా వాళ్లలాగే పడమరకు ఇంకో పది కిలోమీటర్లు జరగాలి.